ఇసుకలో నల్ల రజను, మోకాట్లో వాపు

మొన్న ఆదివారం పొద్దున మా గల్లీ పిల్లలంతా ఎదురింటి ముందు ఇసుక కుప్పలో చేరి ఏదో దేవులాడుతున్నారు. ఆ ఇంటివాళ్ళు మీద ఒక గది వేసుకుందామని మూసీ నుంచి తోలించుకున్న ఇసుక అది. "ఏం పోయిందిరా?" అని అరుగు మీద నుంచే కేకేశాను. "పోలే తాతా, దొరుకుతుంది!" అన్నాడు మా మనవడు. చూద్దును కదా, వాడి చేతిలో పాత స్పీకరు పగలగొట్టి తీసిన గుండ్రటి అయస్కాంతం, దానికో దారం. ఎద్దును తోలినట్టు దాన్ని ఇసుకలో తిప్పుతున్నాడు. పైకెత్తితే దాని ఒళ్ళంతా నల్లటి మీసాలు.

సూర్యాపేటలో నా చిన్నప్పుడూ ఇదే ఆట. అప్పుడు ఇంటింటా స్పీకర్లు ఎక్కడివి? సైకిల్ డైనమోలోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఒకటి, మా జట్టు మొత్తానికీ అదే ఆస్తి. నోటుబుక్కు కాగితం మీద ఆ రజను పోసి, కింద నుంచి అయస్కాంతం తిప్పితే, రజను కుచ్చులు కుచ్చులుగా లేచి నిలబడి నడిచేది. ఆ నడక చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పటికీ చూస్తే అంతే.

"గిది ఇనుమేనా తాతా?" అంది పక్కింటి పిల్ల.

ఇనుమే, కానీ ఒట్టి ఇనుము కాదు బిడ్డా. ఇనుమూ ఆక్సిజనూ కలిసి గట్టిపడిన రాయి. మాగ్నెటైట్ అంటారు. మూడు పాళ్ళు ఇనుప పరమాణువులకు నాలుగు పాళ్ళు ఆక్సిజన్, అదీ దాని లెక్క. గుట్టలు ఎండకూ వానకూ అరిగి వాగుల్లో కొట్టుకొచ్చేటప్పుడు తెల్ల ఇసుకతో పాటు ఈ నల్ల గింజలూ వస్తాయి. మనవడు ఆ రజనంతా దులిపి పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపల నుంచి వాడి నాయనమ్మ "అమ్మా" అంటూ మంచం మీద నుంచి లేచింది. మోకాలు మళ్ళీ పొంగింది. నాకు ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఒరేయ్, నీ జేబులో పొట్లం ఉంది చూడు. ఆ సరుకునే వేల రెట్లు సన్నగా తయారు చేసి మనిషి నరంలోకి ఎక్కిస్తే, ఒంట్లో వాపు ఎక్కడుందో ఫొటోలో కనబడుతుంది. తెలుసా?"

ఇసుక కుప్ప ఖాళీ అయింది. అరుగు నిండింది.

మొదట వాపు సంగతి చూద్దాం. వాపును చూసి బలుపు అనుకోవద్దని మనవాళ్ళ సామెత. నేనైతే ఇంకో మాట కలుపుతాను, వాపును చూసి శత్రువు అనుకోవద్దు. చెలకలో నడుస్తుంటే కాలికి తుమ్మముల్లు దిగిందనుకో. పొద్దుగూకేసరికి ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. రెండు వేల ఏళ్ళ కింద సెల్సస్ అనే రోము దేశపు రచయిత వాపుకు రాసిపెట్టిన గుర్తులు ఈ నాలుగే. మా అమ్మ అయితే జిల్లేడు పాలు చుక్క వేసి, రేపటికి ముల్లు తేలుతుందిలే అనేది. ముల్లు తేలడంలో జిల్లేడు పాలకు ఎంత వాటా ఉందో గానీ, లోపల పనిచేసే కూలీల వాటా మాత్రం పెద్దది.

ఆ కూలీలను మొదట కనిపెట్టిన మనిషి కథ మీకు చెప్పాలి. మెచ్నికాఫ్ అని రష్యా సామ్రాజ్యంలో పుట్టిన పండితుడు. 1882లో ఇటలీ పక్కన సిసిలీ దీవిలో, మెస్సీనా ఊళ్ళో, సముద్రం ఒడ్డున కాపురం ఉన్నాడు. ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కస్‌లో కోతుల ఆట చూడటానికి వెళ్ళారు. ఈయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూచున్నాడు. నక్షత్రచేప పిల్లలు గాజులాగా ఉంటాయి, లోపల కదిలేదంతా బయటికి కనబడుతుంది. ఈయనకు ఏం తోచిందో, తోటలోకి వెళ్ళి గులాబీ ముళ్ళు కోసుకొచ్చి ఒక పిల్ల ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి, గంప కింద పడ్డ గింజల చుట్టూ కోళ్ళు చేరినట్టు. మింగే కణాలు! పెద్దవాటికి మాక్రోఫేజ్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాట అది, పెద్ద తిండిపోతు అని అర్థం. 1908లో పాల్ ఎర్లిక్ అనే ఇంకో మహానుభావుడితో కలిపి ఈయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. కోతుల ఆట పోతే పోయింది.

"అంటే వాపు అంటే మనోళ్ళేనా తాతా?" అన్నాడు మనవడు.

మనోళ్ళే. రక్తనాళాల గోడలు కాస్త సందు ఇస్తాయి, నీరు ఊరుతుంది, ఆ సందుల్లోంచి ఈ తిండిపోతులు బిలబిలా వచ్చి చేరతాయి. ఈ తిండిపోతులకు మామూలు రోజుల్లో ఉండే కొలువు ఏమిటో తెలుసా? మన వీధిలోకి వారానికోసారి బండి వస్తుందిగా, పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిస్తామని మైకులో అరుచుకుంటూ? అచ్చం అదే పని. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలిదయ్యాక దాన్ని కాలేయంలో, ప్లీహంలో ఉండే మాక్రోఫేజులు మింగి, లోపలి ఇనుమును ఒలిచి, కొత్త రక్తం తయారీకి పంపుతాయి. రోజుకు 20, 25 మిల్లీగ్రాముల ఇనుము ఇలా చేతులు మారుతుంది. ఒంట్లో మొత్తం ఇనుము ఎంతని? మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకుకు సరిపోతుంది. అందుకే కొత్తది కొనడం తక్కువ, పాతది కరిగించడం ఎక్కువ. కాబట్టి ఇనుము అంటే ఈ తిండిపోతులకు కొత్త కాదు. ఈ ముక్క మనసులో పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇక మీ నాయనమ్మ మోకాలు. అందులో ముల్లూ లేదు, మేకూ లేదు. కీళ్ళవాతం అంటే ముల్లు లేకుండానే ఈ జనం గుమిగూడటం. శత్రువు లేని చోట సైన్యం దిగితే ఏమవుతుంది? ఊరి వాళ్ళ చేలే తొక్కుతుంది. అలా కీలులోని మెత్తని పొరలను ఇవి కొరుకుతాయి. ఎక్స్‌రే తీస్తే ఎముక అరిగిన తర్వాత సంగతి కనబడుతుంది. పంట పోయాక పటం గీసుకుని లాభమేముంది? జనం చేరుతున్నప్పుడే చూడగలగాలి.

అందుకని ఎమ్మారై. పోయిన నెల హైదరాబాదులో తీయించినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. గదిలోకి పోకముందు నర్సమ్మ అడిగింది, ఒంటి మీద ఇనుప వస్తువులేమైనా ఉన్నాయా అని. ఏమీ లేవంది మీ నాయనమ్మ ధీమాగా. తీరా చూస్తే పుస్తెలతాడుకు పిన్నీసులు ఏడు! నలభై ఏళ్ళుగా ఉన్నాయేమో, అవి ఒంట్లో భాగమని అనుకుంటోంది. బంగారాన్ని అయస్కాంతం పట్టించుకోదు కానీ, పిన్నీసు మాత్రం రివ్వున ఎగిరిపోతుంది. ఆ యంత్రం బలం అలాంటిది.

ఎంత బలమో చెప్పాలంటే మనం హైవే ఎక్కాలి. కోదాడ నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోతుంటే చౌటుప్పల్ వస్తుంది కదా. అక్కడ ఎన్.జి.ఆర్.ఐ. అనే భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ళ కేంద్రం ఒకటుంది, భూమికి ఉన్న అయస్కాంత బలాన్ని పగలూ రాత్రీ కొలుస్తుంటారు. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. మామూలు ఆసుపత్రిలోని 1.5 టెస్లా యంత్రం బలం మన ప్రాంతంలో భూమి బలానికి సుమారు 35 వేల రెట్లు. దాని లోపలి తీగచుట్టను మైనస్ 269 డిగ్రీల చల్లదనంలో, ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. ఇంకో తమాషా చెప్పనా? భూమి అయస్కాంతాన్ని కొలవడానికి ఇలాంటి కేంద్రాల్లో వాడే పరికరాల్లో ఒక రకం, ఈ ఎమ్మారై, రెండూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ఒకటి భూగోళాన్ని చూస్తుంది, ఒకటి మోకాలిని చూస్తుంది.

సూత్రమేమిటంటే బొంగరం. బొంగరం తిరుగుతూ తల ఊపుతుంది చూశారా? మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. నీటిలో ఉండే ప్రతి హైడ్రోజన్ గుండె ఒక బుల్లి బొంగరం. అయస్కాంతంలో పెడితే అవి ఒక వేగంతో తల ఊపుతాయి. చౌటుప్పల్ మైదానంలో నిలబడ్డ నీ ఒంట్లో సెకనుకు దాదాపు 1,800 సార్లు. ఆ యంత్రంలో పడుకుంటే సెకనుకు 6 కోట్ల 40 లక్షల సార్లు. మన ఎఫ్.ఎం. రేడియో తరంగాలకు కాస్త కింది మెట్టు అది. అదే వేగంతో రేడియో పిలుపు పంపితే బొంగరాలన్నీ ఒక్క లయలోకి వస్తాయి. పిలుపు ఆపగానే అవే తిరిగి సన్నటి జవాబు పలుకుతాయి. ఆ జవాబు విని బొమ్మ గీస్తారు. బొమ్మ గీయవచ్చని 1973లో చూపించిన పాల్ లాటర్‌బర్ వ్యాసాన్ని నేచర్ పత్రిక మొదట తిప్పికొట్టింది. తర్వాత వేసుకుంది. 2003లో ఆయనకూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ వచ్చింది. మీ లెక్కల పేపరు తిరిగొచ్చినప్పుడు ఈ సంగతి మీ అమ్మకు చెప్పండి, నా పేరు మాత్రం చెప్పకండి.

"మరి ఇనుప రజను ఎందుకు?" పక్కింటి పిల్ల దారి తప్పనివ్వదు.

అక్కడికే వస్తున్నా. బతుకమ్మ ఆట గుర్తు తెచ్చుకో. వంద మంది చుట్టూ తిరుగుతూ ఒక్కసారిగా చప్పట్లు కొడితే వీధి చివరికి వినబడుతుంది. ఆ చప్పుడే యంత్రం వినే జవాబు. ఇప్పుడు వలయం పక్కన ఎవడో డీజే పెట్టాడనుకో. దానికి దగ్గరున్న వాళ్ళ చప్పట్లు ఒకటి ముందూ ఒకటి వెనకా పడి గందరగోళం అవుతాయి. దూరం నుంచి వినేవాడికి ఆ మూల నుంచి ఏమీ వినబడదు. ఒంట్లో ఇనుప రజను ఉన్న చోట జరిగేది ఇదే. ప్రతి రవ్వా తన చుట్టూ అయస్కాంత బలాన్ని కొంచెం చెడగొడుతుంది, చుట్టుపక్కల బొంగరాల లయ చెదురుతుంది, ఆ చోటు ఫొటోలో నల్లగా పడుతుంది. ఇనుము నల్లగా ఉందని కాదురా, చప్పట్లు ఆగిపోయాయని నలుపు.

మా బావమరిది మిర్యాలగూడ రైసు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. అక్కడ వడ్లు మిషన్లలోకి పోయే దారిలో అయస్కాంతాలు పెడతారు. మేకులు, బోల్టులు, కోతమిషన్ నుంచి ఊడిన ముక్కలు పట్టుకోకపోతే యంత్రం పళ్ళు ఊడతాయి. ఈ కథ చెప్తే అతను బోలెడు ఆశ్చర్యపోయాడు. "మేమేమో ధాన్యంలోంచి ఇనుము తీయడానికి చస్తుంటే, వీళ్ళు మనిషిలోకి పోస్తున్నారా బావా?" అన్నాడు.

పోస్తారు, కానీ మేకులు కాదు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఈ మందుల్లో సన్నవాటి లోపలి ఇనుప గింజ ఏడు నానోమీటర్ల లోపు, పైపూతతో కలిపితే 30. వెంట్రుక అడ్డం మీద అలాంటివి రెండు వేలకు పైగా వరసగా కూచుంటాయి. పైపూత ఏమిటంటే చక్కెర జాతి పదార్థం, డెక్స్‌ట్రాన్ లాంటిది. బూందీకి పాకం పట్టినట్టు. ఇంత సన్నగా చేస్తే ఇనుముకు ఒక వింత గుణం వస్తుంది. గాలి వీచినప్పుడు వరి వెన్నులన్నీ ఒకే పక్కకు వంగి, గాలి ఆగగానే దేని దారి దానిదే అన్నట్టు ఊగుతాయి చూడండి, అలా యంత్రంలో ఉన్నంతసేపే ఇవి అయస్కాంతాలు. బయటికొస్తే మరిచిపోతాయి. అది మన అదృష్టం. లేకపోతే మనవడి పొట్లంలో రజను ఉండలు కట్టినట్టు రక్తంలో ఉండలు కట్టేవి.

ఇప్పుడు ఇందాక మనసులో పెట్టుకోమన్న ముక్క తీయండి. ఈ రవ్వలు రక్తంలో తిరుగుతుంటే వాటిని మింగేది ఎవరు? మన ఉల్లిగడ్డల బండివాళ్ళే, మాక్రోఫేజులు! పరాయి రవ్వ కనబడితే వదలవు, లోపలి ఇనుమూ వాటికి కొత్త కాదు. మింగిన తర్వాత అవి ఎక్కడుంటే అక్కడ నలుపు. వాపు ఉన్న చోటికి అవి పోయి చేరతాయి కాబట్టి అక్కడ నలుపు చిక్కబడుతుంది. దురాజ్‌పల్లిలో రెండేళ్ళకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుందిగా. దూరపు మిట్ట మీద నిలబడితే మనుషుల ముఖాలు తెలియవు కానీ, గొల్లల గొంగళ్ళు గుంపుగా నల్లగా ఎక్కడ కనబడితే అక్కడ జనం ఉన్నారని తెలిసిపోతుంది. డాక్టర్లు ఇక్కడ ఫొటో తీసేది రోగాన్ని కాదు, రోగం దగ్గరికి వెళ్ళిన మనోళ్ళ గొంగళ్ళను. నాకు ఈ ఉపాయంలో అన్నిటికంటే నచ్చేది అదే. తొందర మాత్రం కుదరదు, రవ్వలు మింగి చోటు చేరడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. అందుకని ముందొకటి, మర్నాడొకటి రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. పాత రక్తపు గాయమూ నల్లగానే పడుతుంది మరి, ముందు ఫొటో లేకపోతే మోసపోతాం.

"నాయనమ్మకూ ఇదే ఎక్కించారా?"

లేదు. మామూలుగా ఆసుపత్రుల్లో ఎక్కించే మందు గాడోలినియం అనే ఇంకో లోహంది, అది తెల్లగా మెరిపిస్తుంది. 1988 నుంచి వాడుకలో ఉంది. కానీ కిడ్నీలు బాగా చెడినవాళ్ళలో కొన్ని రకాల గాడోలినియం మందుల వల్ల చర్మం బిగుసుకుపోయే జబ్బు వస్తోందని 2006లో గుర్తించారు. అప్పటి నుంచి జాగ్రత్త పెరిగింది. ఇనుప మందుల కథ వంకరటింకరగా నడిచింది. కాలేయం కోసం ఫెరిడెక్స్ అనే మందుకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది, 2008లో తయారీ ఆపేశారు. 2009లో ఫెరుమాక్సిటాల్ వచ్చింది. తమాషా ఏమిటంటే దానికి అప్పుడు అనుమతి ఇచ్చింది ఫొటోల కోసం కాదు, కిడ్నీ జబ్బు వల్ల రక్తం తగ్గినవాళ్ళకు ఇనుము పట్టించడానికి! డాక్టర్లు దాన్నే ఎమ్మారైకి వాడుకోవడం మొదలుపెట్టారు. పని అయ్యాక ఆ ఇనుమును ఒళ్ళు వృథా పోనివ్వదు, కరిగించి రక్తంలో కలుపుకుంటుంది. అలాగని పంచదార గుళిక అనుకోకండి. కొద్దిమందికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వచ్చిందని 2015లో డబ్బా మీద గట్టి హెచ్చరిక రాయించారు. నెమ్మదిగా ఎక్కించాలి, పక్కనే ఉండి చూసుకోవాలి.

బోస్టన్‌లో ఈ ఇనుప రవ్వలతో, చిన్న వయసులో వచ్చే మధుమేహ రోగుల క్లోమంలో వాపును చూడగలిగారు. జీర్ణాశయం వెనక దాక్కున్న ఆ అవయవంలోంచి ముక్క కోసి చూడటం అంత తేలిక కాదు, అందుకే ఇది పెద్ద కబురు. బ్రిటన్‌లో కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బినవాళ్ళను 300 మందికి పైగా చూశారు. నలుపు పట్టినవాళ్ళలో ముప్పు ఎక్కువగానే తేలింది, అయితే బుడగ సైజు, పొగతాగే అలవాటు చూసి చెప్పేదానికంటే అదనంగా పెద్దగా చెప్పలేకపోయిందని 2017లో ప్రకటించారు. ఇలా ఉన్నదున్నట్టు చెప్పుకునే శాస్త్రం మీద నాకు గురి ఎక్కువ.

పిల్లలు కాస్త నీరసపడ్డట్టు కనిపించారు. వాళ్ళ నాయనమ్మ మాత్రల డబ్బా తెప్పించాను. ఇందులో రెండు మాత్రలు చూడండి. ఒకటి వారానికి ఒక్కసారే వేసుకునేది, మెథోట్రెక్సేట్. రెండోది ఫోలిక్ ఆమ్లం, దీన్ని ఇంకో రోజు వేసుకుంటుంది. ఈ రెండింటి వెనకా ఒక తెలుగువాడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారు చేసింది. దానికి ఎదురు నిలిచే మందులనూ వాళ్ళే తయారు చేశారు, మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. మొదట పిల్లల రక్త క్యాన్సరు కోసం మొదలైన దారి, తిరిగి తిరిగి సూర్యాపేటలో ఒక మోకాలి దాకా వచ్చింది. ఆయన 1948లోనే పోయాడు, ఈ చివరి మలుపు చూడలేదు.

ఇంకా చిత్రం వినండి. వాపు దగ్గర రెచ్చిపోయిన మాక్రోఫేజుల ఒంటి మీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే కొక్కేలు ఎక్కువగా మొలుస్తాయి. ఊరికే ఉన్నవాటికి అంతగా ఉండవు. అందుకని ఇనుప రవ్వకు ఫోలిక్ ఆమ్లం అంటించి, చేపకు ఎర వేసినట్టు, పని మీదున్న తిండిపోతులకే అది దొరికేలా చేయాలని ప్రయోగశాలల్లో చూస్తున్నారు. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లం, మూసీ ఇసుకలోని మాగ్నెటైట్, రెండూ ఒకే రవ్వ మీద! పక్కింటి పిల్ల ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూసింది. కదల్లేదు. "ఇందులో ఇనుము లేదు" అని తేల్చింది. నేను చెప్పింది సగం వింది, మిగతా సగం తనే పరీక్షించుకుంది.

అంతలో వీధి మొదట్లో మైకు వినబడింది, పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిస్తామని. మనవడు చటుక్కున లేచి, వాడి నాయనమ్మ పక్కన పడేసిన సొట్ట గ్లాసు ఒకటి తీసుకుని పరుగెత్తాడు. బండాయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. బండికి దారంతో వేలాడే ఒక గుండ్రటి ముక్కను లాగి దానికి ఆనించాడు. అంటుకోలేదు. "ఇనుము కాదు బాబూ, స్టీలు, దీనికి వేరే రేటు" అన్నాడు. మనవడు గ్లాసును వదిలేసి ఆ వేలాడే ముక్క కేసే చూస్తున్నాడు. అది కూడా పాత స్పీకరులోంచి పీకిందే.